సర్దార్ రిపోర్టు చదివేదెవరు?

భూపాలపల్లి కేటీకే బొగ్గు గనుల్లో ఒక షిఫ్టు కార్మికులు పనిలోకి దిగే ముందే, వాళ్లు పనిచేయబోయే చోటును ఒక మనిషి చూసి ఉండాలి. అతన్ని మైనింగ్ సర్దార్ అంటారు. పైకప్పు నిలకడగా ఉందా, పక్కగోడలు వదులయ్యాయా, గాలి సరిగ్గా ఆడుతోందా, మీథేన్ చేరిందా, ఎక్కడైనా నీరు ఊరుతోందా అని తిరిగి చూసి, చూసినదంతా పుస్తకంలో రాసి సంతకం పెడతాడు. ఆ తనిఖీ కానిదే అక్కడ పని మొదలు కాకూడదు. సర్దార్ పెద్ద హోదా ఉన్నవాడేమీ కాదు. గని అధికారుల వరుసలో అతనిది దాదాపు చివరి మెట్టు. అయినా ప్రమాదం ఉందని తేలితే ఆ చోట ఉన్న మనుషులందరినీ వెంటనే వెనక్కి రప్పించి, మళ్లీ ఎవరూ అటు వెళ్లకుండా దారి మూయించాల్సిన బాధ్యతను చట్టం అతని మీదే పెట్టింది. వందలమంది పనిచేసే బాయిలో ఒక భాగాన్ని ఆపే శక్తి నెలజీతగాడైన ఒక చిన్న అధికారి చేతిలో ఉందన్నమాట.

పదిమందిని వెంటబెట్టుకుని పని నడిపించాల్సిన వాళ్లు మన చుట్టూ చాలామందే ఉన్నారు. మహిళా సంఘం అధ్యక్షురాలు, బడి ప్రధానోపాధ్యాయుడు, సర్పంచ్, కేసముద్రం మార్కెట్లో కమీషన్ దుకాణం నడిపే యజమాని, ఆసుపత్రి సూపరింటెండెంట్, పార్టీ మండల బాధ్యుడు. వీళ్లకు అందరూ రెండు సలహాలు ఇస్తారు. పని పంచమంటారు, లెక్క అడగమంటారు. చెప్పేవాళ్లూ వినేవాళ్లూ ఈ రెండింటినీ రెండు వేరు వేరు స్వభావాలుగా తీసుకుంటారు. పని పంచేవాడు మెతకమనిషి, లెక్క అడిగేవాడు కఠినుడు. అందుకే మన దగ్గర నాయకులు రెండు రకాలుగా తేలుతున్నారు. కొందరు ప్రతి కాగితమూ తామే చూసి, ప్రతి తాళంచెవీ తమ దగ్గరే పెట్టుకుని అలసిపోతారు. ఇంకొందరు పనంతా కిందివాళ్ల మీద పడేసి, చెడినప్పుడు మాత్రం వచ్చి నిలదీస్తారు. బొగ్గు గనిని నడిపే పద్ధతి చూస్తే ఈ రెండు రకాలూ తప్పేనని తెలుస్తుంది. అప్పగించినవాడు తన బాధ్యతను వదిలించుకోకుండా ఉన్నప్పుడే, తీసుకున్నవాణ్ని లెక్క అడిగే హక్కు అతనికి వస్తుంది. పని పంచడం, లెక్క అడగడం ఒకే పనిలోని రెండు భాగాలు. ఒకటి లేకుండా రెండోది నిలవదు.

మన దేశంలో గనులకు మొదటి చట్టం 1901లో వచ్చింది. తర్వాత 1923లో ఒకటి, స్వతంత్రం వచ్చాక 1952లో ఇంకొకటి. బొగ్గు గనులకు ప్రత్యేకంగా 1957లో నిబంధనలు చేశారు, వాటి స్థానంలో 2017లో కొత్తవి వచ్చాయి. ఇటీవల 1952 చట్టాన్ని వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో కలిపారు గానీ, ఏడు దశాబ్దాలు గనుల్లో మనుషుల్ని నడిపిన పద్ధతి ఆ చట్టం పెట్టినదే. దాని కింద యజమాని, ఏజెంటు, మేనేజర్, అసిస్టెంట్ మేనేజర్, ఓవర్‌మన్, సర్దార్ అని ఒక వరుస ఉంటుంది. ఒక్కో మెట్టు మీద నిలబడేవాడికి ఒక్కో సర్టిఫికెట్ కావాలి. సర్దార్‌గా ఉండాలంటే గనుల భద్రతా శాఖ పెట్టే పరీక్ష పాసవ్వాలి. గ్యాసు పరీక్షించడం, ప్రథమ చికిత్స చేయడం వచ్చి ఉండాలి. అంటే, నమ్మకం ఉందనో మనవాడనో పని చేతిలో పెట్టడం ఇక్కడ కుదరదు. ముందు నేర్పాలి, నేర్చుకున్నాడో లేదో పరీక్షించాలి, ఆ తర్వాతే కాగితం మీద నియమించాలి. మన సంస్థల్లో చాలాచోట్ల ఇది తలకిందులుగా జరుగుతుంది. ముందు పని నెత్తిన పెడతారు, తప్పు జరిగాక నేర్పడం మొదలుపెడతారు. అదీ తిట్ల రూపంలో.

ఆ నిబంధనల్లో ఒకటి నాకు చాలా విలువైనదిగా కనిపిస్తుంది. గనిలో ఒక సర్దార్ చూసుకునే భాగాన్ని డిస్ట్రిక్టు అంటారు. అతను తన విధులను నిండుగా చేయలేనంత పెద్ద డిస్ట్రిక్టును అతనికి ఇవ్వకూడదు, ఆ విధులకు అడ్డుపడే అదనపు పనులూ అప్పగించకూడదు. మాట చిన్నదే గానీ, దాని వెనక ఎంతో అనుభవం ఉంది. ఒక మనిషి ఎంత చూడగలడో అంతే అతనికి ఇవ్వాలి. అంతకు మించి ఇస్తే, జరగబోయే లోపానికి ఇచ్చినవాడే పునాది వేసినట్టు. ఒకే పంచాయతీ కార్యదర్శికి పారిశుద్ధ్యం, పన్నులు, నర్సరీ, ఉపాధి హామీ, జనన మరణ నమోదు, వచ్చిన ప్రతి సర్వే అన్నీ కట్టబెట్టి, ఏదో ఒకటి వెనకబడగానే మెమో ఇచ్చే పద్ధతిని ఈ నిబంధన పక్కన పెట్టి చూడండి. ఆ మెమోలో ఉన్నది శిక్ష ఒక్కటే. జవాబుదారీతనం అందులో కనిపించదు.

పంచాయతీల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి చెప్పాలి. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం, 2018 గ్రామంలో నాటిన మొక్కల్లో కనీసం 85 శాతాన్ని బతికించే బాధ్యతను సర్పంచ్ మీద, పంచాయతీ కార్యదర్శి మీద పెట్టింది. విఫలమైతే పదవికీ ఉద్యోగానికీ ముప్పు. లక్ష్యం మంచిదే, పల్లెల్లో చెట్లు పెరగడం కళ్లకు కనిపిస్తూనే ఉంది. కానీ మొక్క బతకడంలో మనిషి చేతిలో ఉన్నది కొంతే. వాన పడాలి, మేకలు తినకుండా ఉండాలి, ట్యాంకరుకు డబ్బు సమయానికి రావాలి. నీళ్లు పోశావా, కంచె కట్టావా, చచ్చిన మొక్క స్థానంలో కొత్తది నాటావా అని అడగడం న్యాయం. ఎన్ని బతికాయో లెక్కగట్టి పదవి తీసేస్తామనడం వేరు. గని చట్టం సర్దార్‌ను కప్పు కూలదని హామీ ఇమ్మనలేదు. కప్పును చూడమంది, రాయమంది, బాగా లేకపోతే మనుషుల్ని తీసేయమంది. చేతిలో ఉన్న పనికి లెక్క అడిగితే మనిషి ఆ పనిని బాగు చేసుకుంటాడు. చేతిలో లేని ఫలితానికి అడిగితే లెక్కలను బాగు చేసుకుంటాడు.

అప్పగించాక పైవాడు పాటించాల్సిన క్రమశిక్షణ గురించి కూడా 1952 చట్టం మాట్లాడింది. అత్యవసరమైతే తప్ప, మేనేజర్ కింద పనిచేసేవాళ్లకు వాళ్ల చట్టబద్ధమైన విధులకు సంబంధించిన ఆదేశాలను యజమాని గానీ ఏజెంటు గానీ నేరుగా ఇవ్వకూడదు, మేనేజర్ ద్వారానే ఇవ్వాలంది. డబ్బు పెట్టిన యజమానికి కూడా ఈ కట్టడి. మన దుకాణాల్లో, ఆఫీసుల్లో, పార్టీల్లో ఎక్కువ చెడుతున్నది ఇక్కడే. గుమాస్తాకు గోదాము అప్పగిస్తారు. మధ్యాహ్నం యజమాని వచ్చి హమాలీకి వేరే పని చెబుతాడు, సాయంత్రం యజమాని కొడుకు వచ్చి ఇంకో మాట చెబుతాడు. రాత్రికి లెక్క తేడా వస్తే గుమాస్తాను పిలుస్తారు. అతను ఏం జవాబు చెప్పగలడు? గోదాము అతని చేతిలో ఉన్నట్టే కనిపించింది గానీ, నిజంగా ఎప్పుడూ లేదు. పని ఇచ్చి దారి మధ్యలో పదిసార్లు చేయి పెట్టేవాడు తర్వాత లెక్క అడిగే అర్హతను తానే పోగొట్టుకుంటాడు. ఒకరికి ఇచ్చిన పనిలో మార్పు కావాలంటే ఆ ఒక్కరికే చెప్పడం పెద్ద పదవిలో ఉన్నవాళ్లకు చాలా కష్టంగా ఉంటుంది. కష్టమని తెలుసు కాబట్టే చట్టం దాన్ని పైవాళ్ల మంచితనానికి వదిలేయకుండా రాసి పెట్టింది.

ఇక ఆపే అధికారం. సర్దార్ మనుషుల్ని వెనక్కి రప్పించగలడు అన్నప్పుడు అది ఉత్పత్తిని తగ్గించే అధికారమని మర్చిపోకూడదు. భూపాలపల్లి బొగ్గు కోసం పక్కనే చెల్పూరులో కాకతీయ థర్మల్ కేంద్రం ఉంది. 500 మెగావాట్లు ఒకటి, 600 మెగావాట్లు ఇంకొకటి, రెండు యూనిట్లు. ఆ రోజు టార్గెట్ అందరి మెదడులోనూ ఉంటుంది. అలాంటి చోట కూడా చివరి మెట్టు అధికారికి ఆపమనే మాట ఇచ్చారు. జపాన్‌లో టయోటా కార్ల ఫ్యాక్టరీ ఇదే సూత్రం మీద ప్రపంచానికంతా తెలిసింది. లోపం కనిపిస్తే మామూలు కార్మికుడు తాడు లాగుతాడు, సమస్య సర్దుకోకపోతే లైను ఆగుతుంది. చేయమని చెప్పే అధికారం ఇచ్చి ఆపే అధికారం ఇవ్వకపోతే, తప్పు చూసిన మనిషి నోరు మూసుకుని పని చేస్తూ పోతాడు. ఆ తర్వాత అతన్ని బాధ్యుణ్ని చేస్తే, తెలిసీ చెప్పలేనివాణ్ని శిక్షించినట్టే.

ఇప్పుడు అసలు ప్రశ్న. సర్దార్ రాసిన రిపోర్టును ఎవరు చదువుతారు? నిబంధనల ప్రకారం అతని పై అధికారి చదివి సంతకం చేయాలి. ఓవర్‌మన్‌ది అసిస్టెంట్ మేనేజర్ చూడాలి, అక్కడి నుంచి మేనేజర్ దాకా పోవాలి. బదులు మనిషి వచ్చేదాకా సర్దార్ సరైన కారణం లేకుండా తన డిస్ట్రిక్టును వదిలి వెళ్లకూడదన్నది ఇంకో నియమం. షిఫ్టు మారేటప్పుడు మాట మారకూడదన్నది దీని ఉద్దేశం. ఈ ఒక్కటి చెడితే ఎంత జరుగుతుందో చెప్పడానికి పైపర్ ఆల్ఫా చాలు. 1988 జూలై 6న ఉత్తర సముద్రంలోని ఆ చమురు వేదిక మీద ఒక పంపు సేఫ్టీ వాల్వును మరమ్మతు కోసం తీశారు. పగటి షిఫ్టులో తీసిన సంగతి రాత్రి షిఫ్టుకు అందలేదు. రాత్రివాళ్లు ఆ పంపునే నడిపారు. 167 మంది చనిపోయారు. పని పంచారు, మరమ్మతు పర్మిట్ కాగితం కూడా ఉంది. ఒక చేతి నుంచి ఇంకో చేతికి వార్త పోలేదు, అంతే. ఈ లోపాన్ని ఆపే పద్ధతి ఒకటి రైల్వేలో ఉంది. స్టేషన్ మాస్టరు, గేటుమన్ ఫోనులో మాట్లాడుకున్నాక ఒక ప్రైవేట్ నంబరు ఇచ్చిపుచ్చుకుని రిజిస్టరులో రాసుకుంటారు. విన్నానన్నవాడు నిజంగా విన్నాడనడానికి అదే సాక్ష్యం. మన ఆఫీసుల్లో "చెప్పాను సార్", "నాకు చెప్పలేదు సార్" అనే రెండు మాటల మధ్య ఎన్ని పనులు మట్టిలో కలిసిపోతున్నాయో లెక్క లేదు. ఒక నంబరు, ఒక సంతకం, ఒక చిన్న మెసేజ్ ఆ జగడాన్ని పుట్టకుండా ఆపుతుంది.

1952 చట్టంలో నాయకులు బాగా చదవాల్సిన భాగం 18వ సెక్షన్. గనిలో ఎవరు నిబంధన తప్పినా, తప్పినవాడితో పాటు పర్యవేక్షించాల్సిన అధికారి, మేనేజర్, ఏజెంటు, యజమాని కూడా దోషులేనని భావించాలని ఆ చట్టం చెప్పింది. తప్పించుకోవడానికి వాళ్లకు ఒకటే దారి. ఆ తప్పు జరగకుండా తగిన శ్రద్ధ పెట్టామని, నివారించడానికి సరైన చర్యలు తీసుకున్నామని వాళ్లే రుజువు చేసుకోవాలంది. "నేను అతనికి అప్పగించాను" అనడం జవాబు కాదు. అప్పగించాక ఏం చేశావు, ఎప్పుడు వెళ్లి చూశావు, అతను అడిగిన సామాను ఇచ్చావా, రిపోర్టు చదివావా? ఇవీ అక్కడ వచ్చే ప్రశ్నలు. మన ప్రజాజీవితంలో మాత్రం ఏ దుర్ఘటన జరిగినా మొదటి రోజే ఒక చిన్న ఉద్యోగి సస్పెన్షన్ వార్త వస్తుంది. హాస్టల్లో పిల్లలకు అన్నం కలుషితమైతే వంటమనిషి, ఆసుపత్రిలో ఆక్సిజన్ అందకపోతే నర్సు. వాళ్ల తప్పు ఉండవచ్చు. కానీ బియ్యం ఎలాంటివి వచ్చాయో, సిలిండరు కోసం ఎన్నిసార్లు రాశారో, ఆ రాతలు ఎవరి టేబుల్ మీద ఆగాయో అడగకుండా చివరి మనిషి దగ్గర లెక్క మూసేస్తే, అదే తప్పు ఇంకో హాస్టల్లో, ఇంకో ఆసుపత్రిలో జరుగుతుంది. జవాబుదారీతనం పై నుంచి కిందికి మాత్రమే ప్రవహించే చోట అది భయంగా మారుతుంది. భయం ఉన్నచోట చెడువార్త పైకి రాదు.

దీనికి అభ్యంతరాలు ఉన్నాయి. వాటిలో రెండు తేలికైనవి. గనిలో ప్రాణాలు పోతాయి కాబట్టి అంత కట్టుదిట్టం, కిరాణా దుకాణానికీ సంఘానికీ ఆ పుస్తకాలన్నీ ఎందుకంటారు. నిజమే, పుస్తకాలు అక్కర్లేదు, ప్రశ్నలు కావాలి. ఈ పని ఎవరిది, ఎంతవరకు, ఎక్కడ ఆపి నన్ను అడగాలి, ఎప్పుడు నాకు చెప్పాలి. ఈ నాలుగింటికి ఇద్దరి దగ్గరా ఒకే జవాబు ఉంటే చాలు, కాగితం ఒక చీటీ ముక్కైనా సరిపోతుంది. రెండోది, మనవాళ్లు మెడ మీద కూర్చోకపోతే పని చేయరన్న మాట. సర్దార్లు ఏ ఆకాశం నుంచీ ఊడిపడలేదు. గనుల చుట్టుపక్కల ఊళ్లలో పుట్టినవాళ్లు, తట్ట పట్టి బొగ్గు నింపినవాళ్ల కొడుకులు. బాధ్యతను నిజంగా ఇచ్చినచోట వాళ్లు మోస్తున్నారు. మనవాళ్లు చేయరని తేల్చేసేవాళ్లు సాధారణంగా వాళ్లకు ఇచ్చింది పని మాత్రమే, అధికారం కాదు.

మూడో అభ్యంతరం బలమైనది, దాన్ని తేలిగ్గా దాటిపోకూడదు. ఇంత పద్ధతి ఉన్నా గనుల్లో మనుషులు చనిపోతూనే ఉన్నారు కదా? 1975 డిసెంబర్ 27న ధన్‌బాద్ దగ్గరి చస్‌నాలా గనిలోకి నీరు ముంచుకొచ్చి 375 మంది చనిపోయారు. మన గోదావరిఖనిలోనే 2003 జూన్ 16న 7ఎల్ఈపీ గనిలో నీరు దూసుకొచ్చి 17 మంది కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. ఆ గనులకూ మేనేజర్లు, ఓవర్‌మన్‌లు, సర్దార్లు ఉన్నారు. పుస్తకాలూ ఉన్నాయి. పద్ధతి ఉన్నంత మాత్రాన భద్రత వచ్చేయదన్నది నిజం. వరుస ఎంత బాగున్నా, ఉత్పత్తి ఒత్తిడిలో ఆపమన్నవాణ్ని అడ్డుపడేవాడిగా చూస్తే, రాతలు క్రమంగా తంతుగా మారతాయి. నిన్నటి వాక్యాన్నే ఇవాళా రాస్తారు, చదవకుండానే సంతకం పెడతారు. అందుకే చట్టం పుస్తకాల దగ్గర ఆగలేదు. 500 మంది, అంతకు పైగా పనిచేసే గనుల్లో కార్మిక సంఘాలతో సంప్రదించి కార్మికుల తరఫున తనిఖీ చేసే వర్క్‌మెన్ ఇన్‌స్పెక్టర్లను నియమించాలంది. పెద్ద గనుల్లో సేఫ్టీ కమిటీలు పెట్టమంది. బయటి నుంచి గనుల భద్రతా శాఖ అధికారులు వచ్చి చూస్తారు. రిపోర్టును రాసినవాడి పైవాడే కాకుండా, అతనితో సంబంధం లేని ఇంకో కన్ను కూడా చూడాలన్నది దీని వెనక ఆలోచన. ప్రమాదాల నుంచి నేర్చుకోవాల్సింది పని పంచడం పనికిరాదని కాదు. పంచినవాళ్లు పుస్తకం మీద సంతకం పెట్టి ఊరుకోకుండా తాము కూడా బాయి దిగి చూడాలని.

ఇక్కడే నాయకుడు నేర్చుకోవాల్సినది ఉంది. అప్పగించడం ఒక్క రోజులో జరిగే పని కాదు. మొదట దగ్గరుండి చేయించాలి, తర్వాత చేశాక చూడాలి, ఇంకొన్నాళ్లకు చెప్పినప్పుడు మాత్రమే చూడాలి. దూరం పెరగడం మనిషి నైపుణ్యాన్ని బట్టి జరగాలి, నాయకుడి విసుగును బట్టి కాదు. సంఘంలో డబ్బు లెక్కలు కొత్తగా చూస్తున్న కోశాధికారిని మొదటి నెలలోనే బ్యాంకుకు ఒంటరిగా పంపడం నమ్మకం అనిపించుకోదు, అది నిర్లక్ష్యం. అయిదేళ్లుగా లెక్కలు తప్పు లేకుండా చూస్తున్న ఆమె చేతి పాస్‌బుక్కును ప్రతి వారం లాక్కుని చూడటం అనుమానమే అవుతుంది. ఈ రెంటి మధ్య ఎక్కడ నిలబడాలో ప్రతి మనిషి దగ్గరా కొత్తగా తేల్చుకోవాలి.

పదిమందికి పెద్దగా ఉన్నవాళ్లకు నేను చేసే విజ్ఞప్తి ఇది. మీ చేతిలో ఉన్న పనుల్లో ఒక్కటి ఎంచుకోండి. దాన్ని చేయగలిగిన మనిషికి ఇచ్చి, ఎంతవరకు అతని ఇష్టమో, ఎక్కడ ఆపాలో ముందే చెప్పండి. మధ్యలో అతన్ని దాటి ఇంకెవరికీ ఆ పని గురించి ఆదేశాలు ఇవ్వకండి. ఏ రోజు వచ్చి లెక్క చూస్తారో చెప్పి, ఆ రోజు తప్పకుండా చూడండి. అతను మొదటిసారి వచ్చి "ఇది చెడిపోతోంది, ఆపేశాను" అన్నప్పుడు గొంతు పెంచకుండా వినండి. రెండోసారి కూడా అతను మీ దగ్గరికి వచ్చి నిజం చెబుతాడా లేదా అన్నది ఆ రోజు మీరు ఎలా విన్నారన్న దాని మీదే ఆధారపడి ఉంటుంది.